గేటు దగ్గర జాజ్

‘వారసత్వం’ అనే మాట వింటే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. మైకు ముందు ఆ మాటను ఎవరూ మామూలుగా పలకరు. కాస్త ఆగి, గొంతు బరువు చేసుకుని, కళ్ళు సగం మూసుకుని పలుకుతారు. దోహాలో మా నగరం వాళ్ళ సంఘం కార్యదర్శి అలా పలికినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టిందట. ‘కొట్టిందట’ అని ఎందుకంటున్నానంటే, నేను ఆ హాల్లో లేను. బయట గేటు దగ్గర ఉన్నాను. ఎవరి సంగీతాన్ని కాపాడుకుందామని లోపల సభ జరుగుతోందో ఆ మనిషి, మా మేనమామ, శాక్సోఫోన్ మెడకు తగిలించుకుని నా పక్కనే నిలబడి ఉన్నాడు.

మాది సికింద్రాబాద్. బ్యాండ్ మేళం కుటుంబం. పెళ్ళి ఊరేగింపులో, నిమజ్జనంలో, బోనాల్లో, శవం ముందు, ఎక్కడ పిలిస్తే అక్కడ ఊదడమే మా ఇంటి పని. నాది క్లారినెట్. మామకు క్లారినెట్, శాక్సోఫోన్ రెండూ వచ్చు, నాకు రెండూ నేర్పింది ఆయనే. ముహూర్తాలు లేని నెలల్లో బ్యాండు వాడి ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. అందుకే మామ వయసులో ఉండగానే డ్రైవింగ్ నేర్చుకుని ఖతార్ వచ్చేశాడు. అల్ హిలాల్‌లో ఒక విల్లాకు హౌస్ డ్రైవర్. ప్రహరీ గోడకు ఆనించి కట్టిన చిన్న గదిలో ఉండేవాడు. ఆయన బడికి దింపిన పిల్లలు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కన్నారు. వాళ్ళనూ ఆయనే బడికి దింపాడు. నేను చాలా ఏళ్ళ తర్వాత, ఏసీలు బాగుచేసే కంపెనీలో పనికి వచ్చాను. అల్ మన్సూరాలో ఒక గది, ఆ గదిలో నాతో పాటు మరో ముగ్గురు.

మామకు జాజ్ ఎలా వచ్చిందో చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. సికింద్రాబాద్‌లో ఒకప్పుడు రైల్వే వాళ్ళ డ్యాన్సు హాలు ఉండేది. శనివారం సాయంత్రాలు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అక్కడ చేరి జంటలుగా ఆడేవి. వాళ్ళ బ్యాండుకు పెద్ద ఒక రైలు గార్డు. ఆయన శాక్సోఫోన్ వాయించేవాడు. బ్యాండులో ఎవరికైనా జ్వరం వస్తేనో, ఎవరైనా ఆస్ట్రేలియాకు విమానం ఎక్కితేనో ఆ ఖాళీలోకి మా పెళ్ళి బ్యాండ్ల నుంచి ఒకణ్ణి లాక్కొచ్చేవారు. రానురాను విమానం ఎక్కేవాళ్ళే ఎక్కువయ్యారు. చివరికి ఆ హాల్లో ఊదేవాళ్ళలో సగం మంది మా గల్లీవాళ్ళే అయ్యారు. పొద్దున పెళ్ళిలో ఎర్ర కోటు, సాయంత్రం హాల్లో నల్ల కోటు. మామ కొత్తగా మీసాలు వచ్చిన వయసులో ఆ గార్డు దగ్గర చేరాడు. ఆ గార్డు కూడా ఒకరోజు దేశం విడిచి వెళ్ళిపోతూ తన శాక్సోఫోన్‌ను మామ చేతిలో పెట్టాడు. దాంతో పాటు తాను కట్టిన ఒక పాట కూడా ఇచ్చాడు. అది ఏ రికార్డులోనూ లేదు, ఏ కాగితం మీదా లేదు. మామకు వచ్చు, అంతే.

ఆ పాటకు మొదలు, చివర ఒకటే వరస. అది నేనూ నేర్చుకున్నాను. నడుమ మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో ఊదేవాడు తనకు ఆ పూట తోచింది ఊదాలి. తాళం తప్పకూడదు, పాటను విడిచి దూరం పోకూడదు, అంతే. మామ దాన్ని ‘నడుమ’ అనే పిలిచేవాడు. జాజ్ అంటే ఏమిటని నేను అడిగితే, “మొదలు అందరిది, ఆఖరు అందరిది, నడుమ మనదిరా. నడుమ ఊదరానోడు బ్యాండోడే గాదు” అన్నాడు. మా మామ వినయవంతుడని అనుకోకండి. జుట్టుకు రంగు వేసుకునేవాడు. టీ చల్లగా ఉంటే కప్పు వెనక్కి పంపేవాడు. ఆయన ముందు ఇంకొకరి శాక్సోఫోన్‌ను పొగిడితే మూతి ముడుచుకుని మూడు రోజులు మాట్లాడేవాడు కాదు.

దోహాలో మాకు వాయించుకోవడానికి చోటు లేదు. విల్లాలో ఊదితే ఇంటివాళ్ళు ఊరుకోరు. లేబర్ క్యాంపులో ఊదితే నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాళ్ళు చెప్పు విసురుతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మా ఫ్లాట్‌లో ఊదితే పై అంతస్తువాళ్ళు వాచ్‌మన్‌ను పంపుతారు. అందుకని దుప్పటి. గల్ఫ్ నుంచి ఇంటికి వెళ్ళే ప్రతివాడూ జిప్పు సంచిలో మోసుకెళ్తాడే, పులిబొమ్మ ఉన్న బరువైన దుప్పటి, అదే. ట్రంపెట్ అయితే మూతిలో గుడ్డ కుక్కితే సరిపోతుంది. శాక్సోఫోన్‌కు ఒళ్ళంతా రంధ్రాలే, అన్నింట్లోంచీ శబ్దం వస్తుంది. కాబట్టి మనిషి, వాయిద్యం కలిసి దుప్పట్లో దూరాలి. శుక్రవారం మధ్యాహ్నం మా గదివాళ్ళు బయటికి పోయాక మామ నా మంచం మీద కూర్చుని, దుప్పటి కప్పుకుని ఊదేవాడు. ఏసీ ఎంత పెంచినా లోపల ఉడికిపోయేవాడు. కాసేపటికి ఊపిరాడక తల బయట పెట్టి, చెమట తుడుచుకుని, ఎండను, పై అంతస్తువాళ్ళను, నన్ను వరసగా తిట్టి మళ్ళీ లోపలికి దూరేవాడు. పాట మొదలు అయ్యి నడుమకు వచ్చేసరికే ఊపిరి చాలేది కాదు. అన్నేళ్ళలో ఆయన నడుమ పూర్తిగా ఊదగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

మాకు తాళం వేసేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన. సైట్లో ఇనుప చువ్వలు కట్టే పని. ఊళ్ళో డప్పు కొట్టేవాడు, ఇక్కడ మా వంటగది స్టూలు బోర్లేసి దాని మీద చెంచాలతో కొట్టేవాడు. మేం ముగ్గురమే మా బ్యాండు.

అలా ఉండగా మామ పైపళ్ళు కదలడం మొదలుపెట్టాయి. శాక్సోఫోన్ ఊదేవాడికి పైపళ్ళే ఆధారం. వాటిని మౌత్‌పీస్ మీద ఆనించి ఊదాలి. ముందు పళ్ళన్నీ తీసేయాలని డాక్టరు చెప్పాడు. అదే సమయంలో విల్లావాళ్ళు కూడా, వయసు మీద పడింది, ఇక ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమని టికెట్టు మాట ఎత్తారు. మామ పళ్ళు తీయించుకోలేదు.

“ఇంటికి పోయినంక తీపిచ్చుకుంట. గంతల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, దుప్పటి లేకుండ నిలవడి మొత్తం ఊదాలె. నా నడుమ ఏడన్న నిలవాలె. పండ్లు పోయినంక ఇగ నేను ఊదేది లేదు, నువ్వు వినేది లేదు” అన్నాడు.

కట్టుడు పళ్ళతో ఊదేవాళ్ళూ ఉన్నారని చెప్పి చూశాను. “వాళ్ళు ఊదుతరు. నేను ఊద” అన్నాడు. రొట్టె టీలో ముంచుకుని, ఒక పక్కనే నములుతూ ఆ పళ్ళను కాపాడుకుంటూ వచ్చాడు. ఆపిల్ పండు కొరకడం మానేశాడు. పల్లీలు మానేశాడు. ఆయనకిక కావలసింది ఆ ఒక్కటే, నిలబడి ఊదడం, అది ఎక్కడైనా నిలిచి ఉండడం.

సరిగ్గా అప్పుడే సంఘం కార్యదర్శి దొరికాడు. పెద్ద కంపెనీలో మేనేజరు. వాళ్ళ ఇంట్లో ఏసీ నీళ్ళు కారుతుంటే నేను బాగుచేయడానికి వెళ్ళాను. గోడ మీద శాక్సోఫోన్ పట్టుకున్న నల్లజాతి కళాకారుడి పెద్ద బొమ్మ ఉంది. ఊరుకోలేక మామ సంగతి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. సంఘం తరఫున ‘మన నగరం, మన జాజ్ వారసత్వం’ అని ఒక సాయంత్రం అప్పటికే అనుకుంటున్నారట.

“ఇలాంటి లెజెండ్ ఇక్కడ డ్రైవర్‌గా ఉన్నారంటే నమ్మలేకపోతున్నా బ్రదర్! అంకుల్‌ని తీసుకురండి. స్టేజి మీద పది నిమిషాలు ఆయనవే. ప్రొఫెషనల్‌గా రికార్డ్ చేయించి మన ఆర్కైవ్‌లో పెడదాం. మీరెవరూ ఫోన్లు బయటికి తీయకండి, డిస్టర్బెన్స్. అంతా మేం చూసుకుంటాం” అన్నాడు.

మామకు చెబితే ఏమీ మాట్లాడలేదు. మర్నాడు అల్ దోహా అల్ జదీదాలో ఒక పాకిస్తానీ దర్జీ దగ్గరికి పోయి నల్ల సూటుకు కొలతలు ఇచ్చి వచ్చాడు. సంబరంగా ఉన్నప్పుడు మా మామ మాట్లాడడు. దర్జీ భుజాలు సరిగా కుట్టలేదని రెండుసార్లు విప్పించి మళ్ళీ కుట్టించాడు. శుక్రవారాల్లో ఊదడం కూడా తగ్గించేశాడు, పళ్ళు ఆ సాయంత్రం దాకా ఉండాలని.

కార్యక్రమం ఒక స్కూలు ఆడిటోరియంలో. చెప్పిన టైముకు ముందే ముగ్గురం చేరాం. మామ కొత్త నల్ల సూటులో, నిగనిగలాడే బూట్లతో దిగాడు. కార్యదర్శి ఎదురొచ్చి “వావ్ అంకుల్!” అన్నాడు. ఆ వెంటనే ఒక సంచి తెచ్చి మా ముందు పెట్టాడు. అందులో ఎర్ర కోట్లు. బంగారు రంగు తాళ్ళు, భుజాల మీద కుచ్చులు, జరీ అంచు తలపాగాలు.

“చీఫ్ గెస్ట్ వచ్చేటప్పుడు గేటు దగ్గర చిన్న వెల్‌కమ్. మన బ్యాండ్ బాజా స్టైల్లో. ఆ కలర్‌ఫుల్ లుక్ ఉంటే వీడియోకి బాగుంటుంది. తర్వాత స్టేజి మీదికి పిలుస్తాం” అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎర్ర కోటు మాకు సిగ్గేమీ కాదు. మా తాత దాన్ని తొడుక్కునే మమ్మల్నందరినీ పెంచాడు. కానీ జాజ్ అంటే నల్ల కోటనీ, బ్యాండ్ మేళమంటే ఎర్ర కోటనీ, ఒకటి స్టేజికీ ఒకటి గేటుకూ అనీ వీళ్ళకు ఎవరు చెప్పారు? ఆ డ్యాన్సు హాల్లో ఊదినవాళ్ళూ, పెళ్ళి బారాత్‌లో ఊదినవాళ్ళూ ఒకే మనుషులని నేను ఆ కార్యదర్శికి వాళ్ళ ఇంట్లో, నిచ్చెన మీద నిలబడి, అంతసేపు చెప్పాను కదా! గోడ మీద బొమ్మ ఉన్నవాడికి మనిషి కనబడడా?

“ఊదం. పోదాం పా మామా” అన్నాను.

మామ నా వైపు చూడలేదు. “స్టేజి ఉంది గదరా తర్వాత. గంత జల్ది గరమైతే ఎట్ల?” అని సూటు మీదే ఎర్ర కోటు తొడుక్కున్నాడు. దోహా ఉక్కలో కోటు మీద కోటు. తలపాగా మాత్రం పెట్టుకోలేదు, జుట్టు రంగు చెమటకు దిగుతుందని.

ముఖ్య అతిథి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. జాజ్‌తో ఆయనకేం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన కారు దిగాడు, మేం స్వాగతం ఊదాం. కమిటీవాళ్ళు మా ముందు వరసగా నిలబడి ఫోటోలు దిగారు. ఒకాయన ఎర్ర కోటు మెరుస్తోందని నా భుజం పట్టుకుని కొంచెం పక్కకు జరిపాడు. బొకే ఇచ్చారు, లోపలికి వెళ్ళిపోయారు, తలుపులు వేసుకున్నారు.

మా బ్యాండ్ సెట్లలో ఒక పద్ధతి ఉంది. మొదలుపెట్టమని ఎవరైనా చెప్పొచ్చు. ఆపమనడం మాత్రం మమ్మల్ని పిలిచినవాళ్ళలో పెద్దమనిషి చేతిలోనే ఉంటుంది. ఆయన చెయ్యెత్తితే ఆపాలి, ఎత్తేదాకా ఊదుతూనే ఉండాలి. ఎత్తిన తర్వాత ఒక్క స్వరం ఎక్కువ ఊదినా తప్పే. పెళ్ళివారు భోజనాలకు కూర్చుని మమ్మల్ని మరిచిపోతే వీధిలో ఎండలో అలాగే ఊదుతూ నిలబడిన రోజులు మాకున్నాయి. ఎవరూ నేర్పరు, చూసి చూసి ఒంటికి పడుతుంది. ఆ సాయంత్రం తలుపులు మూసుకున్నాయి గానీ చెయ్యి ఎవరూ ఎత్తలేదు. కమిటీలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. మేం ఊదుతూనే ఉన్నాం. లోపల మైకులో ప్రసంగం మొదలైంది, ఒకటి అయ్యి ఇంకొకటి మొదలైంది.

డ్రమ్ము ఆయన, అదే మా జగిత్యాల ఆయన, ఈసారి నిజం డ్రమ్మే, అద్దెకు తెచ్చింది, నా వైపు వంగి, “ఆపుమని ఎవ్వలు జెప్పలే గదనే. ఇంకెంతసేపు గిదే కొడుదాం?” అన్నాడు.

మామ విన్నాడు. మూసిన తలుపుల వైపు కాసేపు చూశాడు. ఎర్ర కోటు విప్పి గేటు చువ్వకు తగిలించాడు. సూటు సర్దుకున్నాడు. “స్టేజి ఇదే అనుకోరి” అని గార్డు పాట ఎత్తుకున్నాడు.

అప్పుడే ముఖ్య అతిథి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి వచ్చాడు, వెనకాలే కెమెరా అతను. మొదలు అందరం కలిసి ఊదాం. నడుమ రాగానే నేను క్లారినెట్ దించాను. మామ ఒక్కడే. పార్కింగులో వెనక్కి వస్తున్న బస్సు ఒకటి బీప్ బీప్‌మంటోంది. మామ ఆ స్వరాన్నే పట్టుకున్నాడు. దానికి కింద ఒకటి, పైన ఒకటి చేర్చి, బస్సుకు బదులు చెబుతున్నట్టు ఊదాడు. అక్కడి నుంచి మా గల్లీ పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా దరువులోకి దిగాడు, డ్రమ్ము ఆయన ఎగిరి అందుకున్నాడు. అంతకుముందు మాతో ఊదించిన స్వాగతం వరసను మధ్యలోకి తెచ్చి, కుంటుకుంటూ నడిపించి వెక్కిరించాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ తర్వాత శవం ముందు ఊదే వరస ఒకటి చాలా కింది స్వరంలో వచ్చింది, నా నవ్వు ఆగిపోయింది. అది ఆ గార్డు కోసమని నాకు అనిపించింది. పార్కింగులో డ్రైవర్లు కార్లు దిగి వచ్చారు. చీపురు పట్టుకున్న నేపాలీ ఒకతను చీపురు గోడకు ఆనించి నిలబడ్డాడు. అన్నేళ్ళు నేను ముక్కలుగా విన్నది ఇదా అని ఏడుపు వచ్చింది నాకు, ఇన్నేళ్ళు దీన్ని నా మంచం మీద దుప్పట్లో కుక్కి పెట్టామా అని.

ముఖ్య అతిథి ఇంకా ఫోన్‌లోనే ఉన్నాడు. వెనకాలే కెమెరా అతను. కళ్ళు తెరిచి కెమెరాను చూడగానే మామ వెన్ను ఇంకా నిటారుగా అయ్యింది. నడుమ పూర్తయింది. మళ్ళీ మొదటి వరసలోకి వచ్చాం, నేను క్లారినెట్ ఎత్తాను. ఇక పాట ముగియడమే మిగిలింది. అప్పుడు ముఖ్య అతిథి చెయ్యెత్తాడు.

మామ ఆపేశాడు. వరస సగంలో. నా క్లారినెట్ ఒక్కటే ఇంకో రెండు స్వరాలు కూసి ఆగింది. మామ వంగి దండం పెట్టాడు.

“ఆఁ, ఇప్పుడు వినిపిస్తోంది, చెప్పండి” అన్నాడు ముఖ్య అతిథి, ఫోన్‌లో.

“మామా, గాయిన ఫోన్ వినవడక ఎత్తిండే. మన పాట సాలని గాదు” అన్నాడు డ్రమ్ము ఆయన.

“చెయ్యి చెయ్యేరా” అన్నాడు మామ. నోటి దగ్గర రుమాలు పెట్టుకుని తీస్తే దాని మీద కొంచెం రక్తం. నా మొహం చూసి, “ఆఖరుదేముంది, నీకు గూడ వస్తది. నడుమ అయ్యింది, కెమెరా ఉండె. ఇగ నిలుస్తది” అన్నాడు. ఆయన మొహంలో అంత తృప్తి నేను ఎప్పుడూ చూడలేదు.

కార్యదర్శి పరుగున వచ్చాడు. “ఇంకా ఇక్కడే వాయిస్తున్నారేంటండీ? స్టేజి మీద అంకుల్ పేరు పిలిచాం, రాలేదు. శాలువా, మెమెంటో మన ట్రెజరర్ గారు అందుకున్నారు. టైం అయిపోయింది, హాలు ఖాళీ చేయాలి. డిన్నర్ చేసి వెళ్ళండి” అన్నాడు. లోపల జాజ్ ఎవరు వాయించారని అడిగాను. స్క్రీన్ మీద స్లైడ్లు వేసి, ల్యాప్‌టాప్‌లోంచి పాటలు పెట్టారట. మేం డిన్నర్ చేయకుండానే వచ్చేశాం.

మామ సికింద్రాబాద్ వెళ్ళిపోయాడు. వెళ్ళిన వారంలోనే పళ్ళు తీయించుకున్నాడు. వీడియో వచ్చిందా అని రోజూ మెసేజ్ పెట్టేవాడు. చివరికి, కార్యదర్శి నన్ను కూడా చేర్చిన సంఘం వాట్సాప్ గ్రూపులో వీడియో పడింది. తెరిచాను. గేటు, ఎర్ర కోట్లు, బొకే. ఆ తర్వాత నల్ల సూటులో మామ, కళ్ళు మూసుకుని, బుగ్గలు నిండుగా ఊదుతున్నాడు. వినబడుతున్నది మాత్రం ఆయన కాదు. ఎవరో, ఎక్కడో, స్టూడియోలో తీరిగ్గా వాయించిన మెత్తటి పియానో.

కార్యదర్శికి ఫోన్ చేశాను.

“గేటు దగ్గర సౌండ్ బాలేదు బ్రదర్. బస్సులు, హారన్లు. అందుకే మంచి జాజ్ ట్రాక్ ఒకటి వేయించాం. ఫీల్ ఎంత బాగా వచ్చిందో చూశారా?”

ఒరిజినల్ సౌండ్ ఇవ్వమన్నాను. తీసేశారట.

“మీ నాన్నగారి ఫోటో మసకగా ఉందని పక్కింటాయన ఫోటో కడిగించి దండ వేస్తారా సార్?” అన్నాను.

“అంత ఎమోషనల్ అవకండి. మనం చేసేది అంకుల్ కోసమే కదా” అన్నాడు.

ఆ ‘మనం’ వినేసరికి నోటికి వచ్చినవన్నీ గ్రూపులో రాశాను. కాసేపటికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. డ్రమ్ము ఆయన తన సెలవు రోజుల్లో డ్రైవర్ల చుట్టూ తిరిగాడు, ఎవరి ఫోన్‌లోనైనా ఉందేమోనని. ఒకతని దగ్గర దొరికింది. అది మామ ఎర్ర కోటు విప్పుతుంటే నవ్వుకుంటూ తీసింది, పాట ఎత్తుకోగానే అయిపోయింది.

అప్పుడు నాకు ఒకటి తోచింది. సౌండ్ పోతే పోయింది, వేళ్ళు ఉన్నాయి కదా. శాక్సోఫోన్ మీద ఏ వేలు ఎక్కడ పడుతోందో చూస్తే ఏ స్వరమో నాకు తెలుస్తుంది. పియానో వినబడకుండా వీడియోను మ్యూట్ చేసి, నెమ్మదిగా నడిపిస్తూ, క్లారినెట్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. వేళ్ళు స్పష్టంగా ఉన్నాయి. మొదలు మొత్తం దొరికింది. నడుమ మొదలైంది, బస్సు స్వరం దొరికింది, దాని కింద స్వరం దొరికింది. అక్కడ కెమెరా తిరిగింది. ముఖ్య అతిథి మొహం. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. మర్ఫా దరువు అంతా, వెక్కిరింపు అంతా, శవం వరస అంతా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కింద అక్షరాలు వచ్చాయి: ‘నగర సంగీత వారసత్వాన్ని ఆస్వాదిస్తున్న ముఖ్య అతిథి.’ చివర్లో ఆయన చెయ్యెత్తాడు. చూసేవాళ్ళకు ఆశీర్వదిస్తున్నట్టు ఉంటుంది.

ఫోన్‌ను గోడకేసి కొట్టబోయి ఆగాను, అది కంపెనీ ఫోన్.

మామకు దాచలేకపోయాను. అంతా చెప్పాను. ఏదో అన్నాడు. పళ్ళు లేని నోటితో మాట స్పష్టంగా రావడం లేదు.

“కనీసం నోటితో పాడి పంపు మామా. నేను పట్టుకుంట” అన్నాను.

“గది గానాటిదిరా. గా బస్సు, గా గేటు, గా పండ్లు. ఇప్పుడేడ తెత్తు?” అన్నాడు. ఆ వెంటనే కసిరాడు. “అయినా నా నడుమ నీకెందుకు? మొదలు నీకు వస్తది, ఆఖరు నీకు వస్తది. నడుమ నీది ఊదు. గన్నేండ్లు చెప్పిన గదరా, బుద్ధి లేదా?”

బుద్ధి సంగతేమో గానీ, ఊదబోతే రాలేదు. మా కంపెనీ చూసే ఒక బిల్డింగు పైకప్పు మీద ఏసీ యంత్రాల మధ్య నిలబడి ఊదాను. అక్కడ ఎంత ఊదినా ఎవరికీ వినబడదు. మొదలు బాగానే వచ్చేది. నడుమ దగ్గరికి రాగానే ఆ చిరునవ్వు కళ్ళ ముందుకొచ్చి నిలబడేది, ఊపిరి అక్కడే తెగిపోయేది. చాలా రోజులు అలాగే అయ్యింది. ఒకరోజు విసుగెత్తిపోయి, ఆ నవ్వునే చూస్తూ ఊదాను. ఎత్తిన చెయ్యి చూస్తూ, ట్రెజరర్ భుజాల మీది శాలువా చూస్తూ, ‘మనం చేసేది అంకుల్ కోసమే’ అన్న గొంతు వింటూ, ఆపకుండా ఊదాను. ఏం ఊదానో నాకే తెలియదు. పెదవి పగిలింది. ఎందుకైనా మంచిదని ముందే ఆన్ చేసిపెట్టిన ఫోన్‌లో రికార్డయింది, ఏసీల హోరుతో సహా. అలాగే మామకు పంపాను.

సాయంత్రానికి ఫోన్ చేశాడు.

“నడుమల ఎవన్నో తిడుతున్నవ్ గదరా?”

“అవును మామా.”

“ముగ్గురు నలుగురు ఉన్నట్టున్నరు.”

“ఉన్నరు.”

“మంచిగ తిట్టినవ్. కని జల్ది ఇడిసిపెట్టినవ్, ఇంకా తిట్టేదుండె” అన్నాడు. “నేను వింట. మళ్ళ ఊదు.”